నీలి ఆకు పేరున్న సిరా

చాకలి సుఖ్‌రాం నల్లజీడి గింజను సూదితో పొడిచి గుడ్డ మీద గుర్తు పెట్టబోయాడు. తాయారమ్మ తన మనవడి గుడ్డ లాక్కుంది.

"ఆ రసం తగిల్తే పసోడి ఒళ్లు పొక్కిపోద్ది. ఒద్దు."

"నిషాన్ లేకుంటే ఎవరివో ఎలా తెలుస్తాయి అమ్మాజీ?"

అదీ నిజమే. రాయపూర్ రైల్వే క్వార్టర్ల బట్టలన్నీ అతని మూటలోనే వెళ్తాయి.

ఆమె కొడుకు నూకరాజు స్టోర్సులో గుమాస్తా. సాయంత్రం సిరా సీసా తెచ్చాడు.

"అనిలీన్ సిరా అమ్మా. మన నీలి మొక్కే. నీల అన్న మాటే అరబ్బుల దగ్గర అన్-నీల్, పోర్చుగీసోళ్ల దగ్గర అనిల్ అయింది. నీలిమందు నుంచి తీసిన సరుకని జర్మనీవాడు అనిలీనన్నాడు."

"నీ సదువు సోకు తరవాత. నీలాకేనా?"

"నీలాకే."

నీలాకు నూనె తాయారమ్మ చిన్నప్పటి నుంచీ తలకు రాసుకున్నదే. ఒప్పుకుంది. నూకరాజు గుర్తులు వేశాడు. పొడిగుడ్డలు అయిపోయి, ఆ గుర్తేసిన గుడ్డల్నే ఉతక్కుండా మనవడికి కట్టింది.

మర్నాటికి పిల్లాడి పెదవులు నీలంగా మారాయి. గోళ్లూ అంతే. పాలు తాగలేదు.

"ఇది సలికి కాదత్తా," అంది కోడలు దాలమ్మ. ముగ్గురూ పిల్లాణ్ణి తీసుకుని రిక్షాలో ఆస్పత్రికి వెళ్లారు.

డాక్టర్ వెంకటరత్నం గుడ్డ మీది గుర్తు చూసి, ఏం సిరా అని అడిగాడు. నూకరాజు చెప్పాడు. నీలి మొక్కదేనన్నాడు.

"పేరే మొక్కది. సరుకు బొగ్గు తారు నుంచి వస్తోంది, వందేళ్లుగా. తడిసిన గుడ్డలోంచి ఒంట్లోకి దిగి నెత్తురు చెడగొట్టింది."

గుడ్డ తీయించి ఒళ్లు కడిగించాడు. సిరంజిలోకి మందు తీశాడు. అది ముదురు నీలం. తాయారమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"మళ్లీ నీలమేనా బాబూ?"

"దీనికి విరుగుడు ఇదేనమ్మా."

"ఆకుదా?"

"కాదు. ఇదీ అనిలీన్‌తో చేసిందే."

నూకరాజు ఏదో చెప్పబోయాడు.

"నువ్వు నోరెత్తకు," అంది. మనవడి పెదవులు చూసింది. చెయ్యి వదిలింది.

సూది వేసిన కాసేపటికి పెదవుల్లో ఎరుపు కనిపించింది. తర్వాత పిల్లాడు ఏడ్చాడు. దాలమ్మ పాలిచ్చింది.

ఇంటికొచ్చాక తాయారమ్మ తన పాత చీర చింపి గుడ్డలు చేసింది. సుఖ్‌రాం పోల్చుకోవడానికి ప్రతి గుడ్డకీ ఓ మూల ముడి వేసింది. నూకరాజు సీసా పట్టుకుని పెరటి కాలవ వైపు నడిచాడు.

"అందులో పొయ్యకు. దిగువన గేదెలు తాగుతాయి."

"మరెక్కడ పొయ్యను?"

తాయారమ్మ ముడి బిగించింది. సీసాకు మూత పెట్టమంది.