రెండో మేకు

ఆ వీధిలో ఎవరు బొమ్మలు గీసినా అవి చివరికి అక్క ఇంటి ముందు గదిలోకే చేరాలి. ఒకప్పుడది మందుల షాపు. ఇప్పుడు గోడలన్నిటికీ తెల్ల సున్నం వేసి, నెలకొకరి బొమ్మలు పెడుతున్నారు. టైలరు వంతు అయ్యాక నర్సమ్మ వంతు, ఆవిడ తర్వాత ఇంకొకరు. ఎంత గొప్పగా గీసినవాళ్లైనా నెల తిరిగేసరికి గోడ ఖాళీ చెయ్యాల్సిందే. ఆ నియమం పెట్టింది అక్క. ఆమె తమ్ముడు చిన్నోడు రోజంతా "అక్కా, అక్కా" అని పిలిచి పిలిచి, వీధి మొత్తానికీ ఆమెను అక్కను చేశాడు.

నియమం తప్పింది కూడా అక్కే. చిన్నోడి వంతు నడుస్తుండగా వాడికి జ్వరమొచ్చింది. ఆసుపత్రికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. నెల అయిపోయినా ఆమె వాడి బొమ్మలు దించలేదు. మరో నెల కూడా గడిచింది. తర్వాతి వంతు బస్సు డ్రైవరుది. మొదటిసారి తన బొమ్మలు గోడకెక్కుతాయని చుట్టాలందరికీ చెప్పుకున్న మనిషి, గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, "తొందరేం లేదులే అక్కా" అని వెళ్లిపోయేవాడు. ఆ మాట వినీ వినీ ఆమెకే సిగ్గేసింది. ఒక మధ్యాహ్నం చిన్నోడి బొమ్మలన్నీ దించి, పాత చీరల్లో చుట్టి, లోపలి గదిలో పెట్టింది.

డ్రైవరు తాపీ మేస్త్రిని అడిగి రసమట్టం తెచ్చుకున్నాడు. ఒక్కో ఫ్రేము మీదా దాన్ని పెట్టి, గాజులోని బుడగ నడిమికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా అన్నీ తగిలించాడు.

మర్నాడు అక్క తలుపు తీసేసరికి అన్నీ ఎడమకు ఒరిగి ఉన్నాయి.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. చిన్నోడు ఎవరి బొమ్మలు తగిలించినా అలాగే, ఎడమకు కాస్త వాల్చి తగిలించేవాడు. సరిచెయ్యమంటే వినేవాడు కాదు. "నిటారుగా ఉంటే పోలీసులా నిలబడి చూస్తుందే అక్కా. కాస్త ఒరిగితే మనతో కబుర్లాడుతుంది" అనేవాడు.

డ్రైవరు వచ్చి సరిచేశాడు. తెల్లవారేసరికి మళ్లీ అంతే.

"గాలికి అయ్యుంటుంది," అన్నాడు డ్రైవరు.

పక్క కొట్లోంచి ఇస్త్రీ తాత తల బయటపెట్టాడు. "గాలే నాయనా. ఏ గాలో మాత్రం నన్నడక్కు."

"పొద్దున్నే భయపెట్టకు తాతా. నా బొమ్మలు చూడ్డానికి మా అత్తగారు వస్తోంది. అసలే ఆవిడకి నేనేం చేసినా వంకరే."

తాత నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగాడు. "తన వంతు ఇంకా అయిపోలేదనుకుంటున్నాడేమోనమ్మా, చిన్నోడు," అన్నాడు మెల్లగా.

అక్కకు భయం వెయ్యలేదు. ఆ రోజు నుంచి నిద్ర లేస్తూనే తాళంచెవి వెతుక్కోవడం మొదలుపెట్టింది. తలుపు తీసేముందు, లోపల ఎవరో ఉన్నట్టు, ఆగి ఒకసారి దగ్గేది. ఒరిగిన బొమ్మల మధ్య నిలబడి "టీ తాగావా?" అని అడిగేది. జవాబు రాదని తెలుసు. అయినా జవాబుకు పట్టేంత సేపు ఆగేది. డ్రైవరు వచ్చేలోగా ఒక్కదాన్నీ సరిచేసేది కాదు.

ఆ వారం చివర డ్రైవరు చిన్న మేకుల పొట్లం తెచ్చాడు. "పైన ఒక్కటే ఉంది కాబట్టి ఊగుతున్నాయక్కా. కింద రెండోది కొట్టామనుకో, భూకంపమొచ్చినా కదలవు."

అక్క ఆ పొట్లం వైపు చూసింది. బొమ్మలు కదలకపోతే వాడు వచ్చాడని తనకెలా తెలుస్తుంది? ఆ మాట ఎవరితో అనగలదు? గోడ అతనిది, వంతు అతనిది.

"కొట్టండి," అంది.

ఫ్రేము కదలకుండా ఆమె పట్టుకుంది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా ఆ అదురు ఆమె మోచేతుల దాకా వచ్చింది. చివరి బొమ్మ దగ్గర చేతులు తీసేసింది.

"దీన్ని వదిలెయ్యండి."

"వదిలేస్తే మళ్లీ ఒరుగుతుంది కదక్కా."

"ఒరగనివ్వండి."

డ్రైవరు ఆమెవైపు చూశాడు. పళ్ల మధ్య పట్టుకున్న మేకు తీసి జేబులో వేసుకున్నాడు. "సరేలే. వంక పెట్టడానికి మా అత్తగారికీ ఏదో ఒకటి ఉండాలిగా," అన్నాడు.

మర్నాడు ఆమె ఎప్పటికంటే ముందే వచ్చింది. దగ్గింది. తలుపు తీసింది.

మేకులు కొట్టిన బొమ్మలన్నీ నిటారుగా ఉన్నాయి. చివరిది, ఖాళీ బస్సులో కిటికీ పక్క సీటు బొమ్మ, దానికి రెండో మేకు కొట్టలేదు. అదీ నిటారుగానే ఉంది.

ఆ మర్నాడూ అంతే. ఆపై రోజూ అంతే. వాడికి కోపమొచ్చిందేమో అనుకుంది. చిన్నప్పుడు కోపమొస్తే వాడు అన్నం మానేసేవాడు కాదు, మాట మానేసేవాడు.

ఆమె ఆ ఫ్రేము దగ్గరికి వెళ్లింది. ఎడమ మూల మీద వేలు పెట్టి మెల్లగా కిందికి నొక్కింది. బొమ్మ ఒరిగింది. వేలు తీసింది. ఆమె ఎంత వంచిందో అంతే వంగి, అక్కడే ఆగిపోయింది.