తెల్ల జిల్లా

పటాల సారుకి ఆ పేరు ఊరికే రాలేదు. రాష్ట్రంలో ఏ జిల్లాలో ఎంతమంది ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ వచ్చిందో లెక్కకట్టి, ఏటా ఒక పటం గీసి, దానికి రంగులు వేయడం ఆయన ఉద్యోగం. ఎక్కువ వచ్చిన జిల్లాకి ముదురు ఎరుపు, తక్కువ వచ్చినదానికి లేత గులాబీ. మరీ కొద్దిమందే తేలిన జిల్లాని తెల్లగా వదిలేస్తారు. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే లెక్క తలకిందులైపోతుంది కాబట్టి, అంత చిన్న అంకెని నమ్మి రంగు వేయకూడదని నియమం. తెలుపంటే జబ్బు లేదని కాదు, చెప్పలేమని అర్థం. ఈ ముక్క పటం అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. అది చదివే ఓపిక ఎవరికుంది?

కొండ జిల్లా ఏళ్ల తరబడి తెల్లగానే ఉంది. నగరం ఉన్న జిల్లా మాత్రం ఏడాదికేడాది ముదిరిపోతూ వచ్చింది. మీటింగుల్లో పెద్దమనుషులు పటాన్ని అలా ఓసారి చూసి, నగరం పొగ అలాంటిదనీ, కొండగాలి అమృతమనీ తేల్చేసేవారు. రొమ్ము పరీక్ష చేసే మెషీన్లు కొన్నప్పుడు అవన్నీ ఎర్ర జిల్లాలకే వెళ్లాయి. తెల్ల జిల్లాకి మెషీన్ ఎందుకు, దుమ్ము పట్టడానికా అన్నారు. పటాల సారు చిన్న అక్షరాల సంగతి గుర్తు చేయబోతే, టీ చల్లారిపోతోంది తాగండి అన్నారు.

ఆ కొండ జిల్లాలోనే ఆయన భార్య ఉండేది. అక్కడి బడిలో టీచరు. పెళ్లైన కొత్తలో, ఏడాదిలో ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుని వచ్చేస్తానంది. ఆ ఏడాది రాలేదు, ఆపై ఏడాదీ రాలేదు. మనిషికి ఆ బడి మీద అంత పిచ్చి. ఫోన్లో అడిగితే నవ్వేసేది.

"మీరే వచ్చేయొచ్చుగా సారూ? పటాలు ఇక్కడ కూర్చుని గీస్తే రంగులు అంటుకోవా?"

"నా ఆఫీసు ఇక్కడుంటే నేనక్కడికెలా వస్తానే?"

"నా బడి ఇక్కడుంటే నేనక్కడికెలా వస్తాను మరి?"

ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు. అలా శనివారాలతోనే కాపురం గడిచిపోయింది. ఒక శనివారం ఆయన బస్సెక్కి కొండమీదికి వెళ్తే, ఇంకో శనివారం ఆవిడ దిగి వచ్చేది. పిల్లలు లేరు. అక్కడ ఆవిడకి తోడు తల్లి ఉండేది, ముందు గదిలో కుట్టుమెషీన్ పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ. వీధివీధంతా ఆయన్ని శనివారం అల్లుడు అనేవాళ్లు. ఆయన మొహం మాడ్చుకునేవాడు గానీ, లోపల ఇష్టంగానే ఉండేది.

ఆవిడ వచ్చినప్పుడల్లా తన బ్రష్ సంచీలో తెచ్చుకునేది, పళ్లు తోముకుని కడిగి, తుడిచి, మళ్లీ సంచీలోనే పెట్టుకునేది. ఆయన ఒకసారి కొత్త బ్రష్ కొని, తన బ్రష్ పక్కన గ్లాసులో పెట్టాడు. "నీది. ఇక్కడే ఉంచు," అన్నాడు. ఆవిడ దాన్ని చూసి మురిసిపోయింది గానీ, వాడలేదు. నా బ్రష్ తెచ్చుకున్నాగా అంది. ఆ కొత్త బ్రష్ గ్లాసులో అలాగే దుమ్ము పట్టింది. ఆదివారం సాయంత్రం ఆవిడ బస్సు వెళ్లిపోయాక ఆయన ఇంటికొచ్చి, చేతులు కడుక్కుంటూ దాన్ని చూసేవాడు. ఇంత బతుకులో ఒక్క బ్రష్‌ని గ్లాసులో నిలబెట్టలేకపోయానే అనిపించేది.

తర్వాత ఆవిడకి రొమ్ములో గడ్డ కనిపించింది. కొండ జిల్లాలో చూసే మెషీన్ లేదు. పరీక్షలైపోనీ, పిల్లలు పాసవనీ అని ఆవిడ నెట్టుకొచ్చింది. నగరంలో పెద్దాసుపత్రికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. కౌంటర్లో గుమాస్తా తలెత్తకుండానే "ఇల్లెక్కడ?" అని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోపే పటాల సారు తన ఇంటి అడ్రసు, తన ఫోను నంబరు గడగడా చెప్పేశాడు. గుమాస్తా రాసుకున్నాడు. ఆవిడ భర్త వైపు తిరిగి, అంత నొప్పిలోనూ నవ్వింది.

"మొత్తానికి ట్రాన్స్‌ఫర్ వచ్చిందన్నమాట."

ఆ రోజే ఆవిడ సంచీలోంచి తన పాత బ్రష్ తీసి గ్లాసులో పెట్టింది. ఒక చలికాలం, ఒక ఎండాకాలం ఆ ఇంట్లో ఉంది. చెప్పకూడదు గానీ, మందుల వాసన మధ్యన, నిద్ర లేని రాత్రుల మధ్యన, ఆయన అంత సుఖంగా ఎప్పుడూ లేడు. పొద్దున్నే లేస్తే పక్కన మనిషి ఉండేది. వానలు మొదలయ్యే ముందు ఆవిడ పోయింది. గ్లాసులో బ్రష్‌లు మాత్రం అలాగే ఉన్నాయి. ఆయన తీయలేదు.

ఆ తర్వాత కొండమీదికి వెళ్లడం మానేశాడు. అత్తగారు ఫోన్ చేస్తే, పని ఎక్కువగా ఉందత్తయ్యా అని నీళ్లు నమిలేవాడు.

ఇలా ఉండగా ఆఫీసుకి కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. వచ్చిన వారానికే పటం ముందు నిలబడి, కొండ జిల్లా మీద వేలు పెట్టింది.

"వీళ్లకి జబ్బే చేయదా?"

"చేస్తుంది మేడమ్," అన్నాడు పటాల సారు.

"వైద్యం ఎక్కడ చేయించుకుంటారు?"

"ఇక్కడే. ఇంకెక్కడా లేదుగా."

"ఎక్కడ దిగుతారు?"

"చుట్టాలిళ్లలో. కొడుకులూ, కూతుళ్లూ, అక్కచెల్లెళ్లూ…"

"మరి ఆసుపత్రిలో ఎవరి అడ్రసు ఇస్తారు?"

పటాల సారుకి తను కౌంటర్లో చెప్పిన అడ్రసు గుర్తొచ్చింది. ఆ సంగతి ఆయనకి తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికి తెలుసు? కొండమీదికి ఉత్తరం వేళకి చేరదు, ఫోను ఒక పట్టాన పలకదు. అందుకని అందరూ నగరంలో చుట్టం అడ్రసే ఇస్తారు. జబ్బు తేలేనాటికి మనిషి ఏ జిల్లాలో నివాసముంటే ఆ జిల్లా లెక్కలో వేయాలి. అలా కొండమీది ఆడవాళ్లంతా ఏటా నగరం లెక్కలో పడి, నగరాన్ని ఎర్రగా, కొండని తెల్లగా చేస్తూ వచ్చారు.

డైరెక్టరమ్మ ఊరుకునే మనిషి కాదు. నగరం అడ్రసున్న కేసులన్నీ మళ్లీ విచారించమంది. ఇంటింటికీ ఫోన్ చేసి, జబ్బు తేలకముందు మనిషి ఎక్కడుండేదో కనుక్కోవాలి. ఆ పని పటాల సారుకీ, కొత్తగా చేరిన అమ్మాయికీ పడింది. ఆ అమ్మాయిని ఆఫీసులో అందరూ మైకు అంటారు. ఫోన్‌లో మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది.

మొదటి రోజు మైకుకి తల ప్రాణం తోకకొచ్చింది. "నివాసం ఎక్కడండీ?" అని అడిగితే ప్రతి కొడుకూ ఒకే మాట. మా అమ్మ మా ఇంట్లోనే ఉండేదండీ, మేం చూసుకోలేదనుకుంటున్నారా అని ఎదురు తిరిగేవాళ్లు. ఒకాయనైతే ఏడ్చేశాడు.

"అలా అడిగితే అబద్ధమే చెప్తారమ్మా," అన్నాడు పటాల సారు. "వాళ్ల తప్పు కాదు. బ్రష్ అడుగు."

"బ్రషా సార్?"

"జబ్బు తెలియకముందు ఆవిడ బ్రష్ ఎక్కడుండేదండీ అని అడుగు. ఇంటి గురించి అబద్ధం చెప్తారు గానీ, బ్రష్ గురించి ఎవరూ చెప్పరు."

మంత్రం వేసినట్టు పనిచేసింది. "బ్రషా? అది ఊళ్లో, దొడ్లో కుళాయి దగ్గర ఉండేదండీ," అని ఠక్కున చెప్పేసేవాళ్లు. ఒక ముసలాయన మాత్రం మైకుని ముప్పుతిప్పలు పెట్టాడు.

"మా ఆవిడ బ్రష్ వాడేది కాదమ్మా. వేలితో తోముకునేది."

"మరి ఆ వేలు ఎక్కడుండేదండీ?" అనేసింది మైకు, ఆ కంగారులో.

"వేలు దాని చేతికే ఉండేదమ్మా," అన్నాడాయన. ఆఫీసంతా పడీపడీ నవ్వింది. పటాల సారు కూడా నవ్వాడు, ఎన్నాళ్లకో.

కానీ ఆయనకి ఒక దిగులు పట్టుకుంది. ఆ కేసుల్లో ఎక్కడో ఆవిడ ఉంది. సొంత మనుషుల కేసు సొంతవాళ్లు ముట్టుకోకూడదని ఆఫీసులో నియమం పెట్టింది ఆయనే. కాబట్టి అది మైకు వంతు. ఏ రోజు ఆ ఫోన్ వస్తుందో తెలియదు. అడిగితే ఏం చెప్పాలి? నిజం చెప్తే ఆవిడ కొండకి వెళ్లిపోతుంది. కాగితం మీద ఆవిడ తన ఇంటి మనిషని చెప్పే ఒక్క ముక్కా, కౌంటర్లో గడగడా చెప్పిన ఆ ఒక్క అడ్రసూ పోతాయి. ఇంత కాపురంలో ఆవిణ్ణి తన గుమ్మంలోకి తెచ్చుకున్నది ఆ ఒక్కసారే. దాన్ని తన నోటితో కొట్టేయాలా?

ఈలోగా కేసులు మారుతూనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం మైకు కుర్చీలోంచి గంతేసినంత పని చేసింది.

"సార్, కొండ జిల్లా గీత దాటేసింది! ఇంక తెల్లగా ఉండదు. గులాబీ కూడా కాదు సార్, ఎరుపే!"

ఆయన సంతోషించాడు. ఆ సంతోషం వెనకే ఒక దొంగ ఆలోచన కూడా వచ్చింది. ఇంక ఆవిడ ఒక్కతీ నగరంలో ఉండిపోయినా కొండకి వచ్చిన నష్టం లేదు. రంగు వచ్చేసింది, మెషీన్ వెళ్తుంది.

మర్నాడు టీ తాగి కూర్చున్నాక ఆయన జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే ఆఫీసు నంబరు. తలెత్తి చూశాడు. రెండు టేబుళ్లవతల మైకు రిసీవర్ చెవికి పెట్టుకుని, ఎదర కాగితం చూస్తూ ఉంది. ఫోన్ మోత గదిలోనే వినిపించేసరికి ఆమె కూడా తలెత్తింది. కాగితం మీది నంబరు ఎదురుగా ఉన్న మనిషిదేనని అప్పుడు తెలిసింది.

"సార్… నాకు తెలీదు సార్. పెట్టేస్తాను."

"పెట్టొద్దు," అన్నాడాయన. ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. "అడుగమ్మా. అందరినీ అడిగినట్టే అడుగు."

మైకు గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినపడలేదు. "వద్దు సార్. ఇదొక్కటీ వదిలేద్దాం. ఎలాగూ గీత దాటేసిందిగా. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆవిడే గుర్తొచ్చింది. ఏ పిల్లాడైనా హాజరు పట్టీలో తప్పించుకుంటే ఎలా మండిపడేదో, నా బడి పిల్లల్లో ఒక్కడు తగ్గినా నాకు తెలుస్తుందనేదో గుర్తొచ్చింది. ఆ ఊరి ఆడవాళ్లంతా వెనక్కి వెళ్తుంటే ఆవిడ ఒక్కతీ ఇక్కడ కూర్చుంటుందా? చెవి మెలేసి అడగదూ? ఆమె ఎదుట ఉంటే బాగుండునని, తిట్టినా బాగుండునని ఆయనకి పట్టరానంత బెంగ కలిగింది.

"అడుగమ్మా," అన్నాడు మళ్లీ.

"జబ్బు తెలియకముందు… ఆవిడ బ్రష్ ఎక్కడుండేదండీ?"

"సంచీలో," అన్నాడు పటాల సారు.

మైకుకి అర్థం కాలేదు. "సంచీలో అంటే సార్?"

"వచ్చినప్పుడు తెచ్చుకునేది. వెళ్లేటప్పుడు తీసుకెళ్లిపోయేది. కొండ జిల్లా రాసుకో."

ఆమె రాసుకుంది. ఆయన ఫోన్ పెట్టేసి, బయట వరండాలోకి వెళ్లి, గోడకి మొహం పెట్టి ఏడ్చాడు. ఎవరూ పలకరించలేదు.

ఆ శనివారం ఆయన సంచీ సర్దుకుని బస్సెక్కాడు. కొండ ఎక్కేసరికి సాయంత్రమైంది. వీధి మొదట్లోనే ఎవరో "శనివారం అల్లుడు వచ్చాడోయ్" అన్నారు. అత్తగారు కుట్టుమెషీన్ దగ్గర నీలం గుడ్డ మీద వంగి ఉంది. అల్లుణ్ణి చూసి తొక్కడం ఆపింది.

"ఇన్నాళ్లకి దారి తెలిసిందా బాబూ?"

ఆయన చెప్పులు విప్పి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. ఎలా మొదలెట్టాలో తెలియక, మాట తిన్నగా చెప్పేశాడు.

"మీ అమ్మాయిని ఇక్కడికి మార్చేశామత్తయ్యా. ఆఫీసు లెక్కల్లో. ఇన్నాళ్లూ నా అడ్రసు మీద నగరంలో ఉండేది. ఇప్పుడు ఈ జిల్లా మనిషిగా రాసుకున్నారు. మీ దగ్గరికి మెషీన్ కూడా వస్తుంది."

అత్తగారు ఆ నీలం గుడ్డని చేత్తో సాపు చేసింది.

"అదెప్పుడు వెళ్లిందనీ ఇక్కణ్ణించి," అంది. వెంటనే కళ్లు తుడుచుకుంది. "కానీ బాబూ, ఆ చివరి రోజుల్లో ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. అమ్మా, నా బ్రష్ ఇప్పుడు గ్లాసులో ఉందే అనేది. దాన్లో అంత ఏముందో నాకు తెలీలేదు."

ఆయన తలూపాడు. అత్తగారు లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆ ఆదివారమంతా ఆయన అక్కడే ఉన్నాడు. బడి దాకా నడిచి, గేటు బయట నిలబడి, వెనక్కి వచ్చాడు. అత్తగారికి గుండీలు కుట్టడంలో సాయం చేయబోయి, వేలికి సూది గుచ్చుకుని తిట్లు తిన్నాడు. సాయంత్రం బస్సు వేళైంది. సంచీ భుజాన వేసుకుని చెప్పులేసుకుంటుంటే, అత్తగారు కుళాయి దగ్గర్నించి కేకేసింది.

"బాబూ, ఆగండాగండి! బ్రష్ ఇక్కడ గ్లాసులోనే మర్చిపోయారు!"

ఆయన గుమ్మంలో ఆగాడు. కానీ వెనక్కి రాలేదు.

"మర్చిపోలేదత్తయ్యా. ఉండనివ్వండి."