మోట ఎద్దును ఏం చేశారు?

మాత్రలను పట్టీలలో అమర్చే కొత్త యంత్రం వచ్చే నెల దిగనుంది. మార్పుకు కార్మికుల మనసులను సిద్ధం చేయాలి. అదీ ఉపన్యాసంతో కాదు, కథతో. జిన్నారం దగ్గరి ఆ మందుల కర్మాగారానికి మేనేజరైన త్రినాథరావు ఆ పనిని శిక్షకురాలు ఇల్మాకు అప్పగించాడు. పై ఆఫీసు పంపిన కథలో తిమింగలాలున్నాయి. ఇస్నాపూర్ కిరాయి గదుల నుంచి వచ్చేవాళ్ళకు తిమింగలాలెందుకని ఇల్మా తన కథలో ఒక మోటబావిని తవ్వింది, దానికొక ఎద్దును కట్టింది.

ఎద్దు వాలుబాటలో దిగితే నీళ్ళు పైకి వచ్చేవి. వెనక్కి నడిస్తే తోలుసంచి బావిలోకి జారేది. దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం: అదే దాని బతుకు, అదే దాని పాట. ఒకనాడు బావికి మోటారు బిగించారు. నీళ్ళు వాటంతటవే వచ్చాయి. అయినా తెల్లవారగానే ఎద్దు వాలుబాటలో దిగింది, ఎక్కింది. లేగలు చూసి నవ్వాయి. మారినవాళ్ళదే రేపు అని చెప్పి ఇల్మా కథ ముగించింది.

శిక్షణ గదిలోని తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. అక్కడ, చివరి వరుసలో, వయసులో ఉన్ననాటి నుంచి పాత యంత్రాన్ని నడుపుతున్న నర్సింహులు కూర్చుని ఉన్నాడు.

"నర్సన్నా, మేడమ్ నీ ముచ్చటే జెప్తున్నది," అంది ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసే ఖుద్సియా.

అందరూ నవ్వారు. నర్సింహులూ నవ్వాడు. నవ్వులు సద్దుమణిగాక నెమ్మదిగా అడిగాడు.

"కథ మంచిగుంది మేడమ్. మరి ఆ ఎద్దును ఏం జేసిన్రు? అమ్మిన్రా?"

ఇల్మా అంతదూరం ఆలోచించలేదు. కాగితాలు సర్దుకుంది.

మరునాటి నుంచి నర్సింహులు క్యాంటీనుకు రావడం మానేశాడు. సైకిల్ స్టాండు నీడలో ఒంటరిగా డబ్బా విప్పుకునేవాడు. తన ఎగతాళికి తానే నొచ్చుకున్న ఖుద్సియా వచ్చి ఇల్మాకు సంగతి చెప్పింది. కొత్త యంత్రం రాగానే తనను తీసేస్తారని, ఆ మాట నోటితో చెప్పలేక ఎద్దుతో చెప్పించారని ఆయన నమ్ముతున్నాడట. కొల్లూరు కాలనీలో వాచ్‌మన్ పని కూడా అడిగి వచ్చాడట.

ఇల్మా నేరుగా త్రినాథరావు గదికి వెళ్ళింది. నర్సింహులును తీసేయాలని ఎవరూ అనుకోలేదన్నాడాయన. ఎక్కడ ఉంచాలో కూడా ఎవరూ అనుకోలేదని, అడిగితే ఒప్పుకున్నాడు. తెర మీద నడిపే యంత్రం కదా, శిక్షణకు కుర్రవాళ్ళ పేర్లే పంపాడట.

"కథకు ముగింపు నేను పెట్టలేను సార్," అంది ఇల్మా. "అది మీ చేతిలో ఉంది."

ఆయన పేర్ల జాబితాను ముందుకు లాక్కున్నాడు. నర్సింహులుకూ శిక్షణ ఇద్దామన్నాడు. ఆ పని పట్టుబడకపోతే అదే జీతం మీద మరో చోట ఉంచుదామన్నాడు. వెళ్ళి ఆ మాట చెప్పి రమ్మన్నాడు.

ఇల్మా కదల్లేదు. "మొన్న ఎద్దుతో చెప్పించాం సార్. ఇవాళ నాతో చెప్పిస్తే..."

త్రినాథరావు కుర్చీ జరిపి లేచాడు.

సైకిల్ స్టాండు దగ్గర వాళ్ళిద్దరినీ చూసి నర్సింహులు మెతుకుల చేతితోనే నిలబడబోయాడు. త్రినాథరావు ఆయన భుజం పట్టి కూర్చోబెట్టి, తానూ పక్కనున్న పిట్టగోడ మీద కూర్చున్నాడు. తడబడుతూ, చెప్పిందే చెబుతూ, ముందే చెప్పవలసింది చెప్పలేదని ఒప్పుకుంటూ, చివరికి అంతా చెప్పాడు.

నర్సింహులు తలవంచుకుని విన్నాడు. ఆ తెర మీద అంతా ఇంగ్లీషే ఉంటదట, వేలు తప్పు తాకితే ఎట్లా అని అడిగాడు. అక్షరాలు తాను చూపిస్తానని, వేలు కుదురుకునే దాకా పక్కనే కూర్చుంటానని ఇల్మా అంది. ఆయన ఇంకో ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకోలేదు.

"రేపు రెండో షిఫ్టోళ్ళకు గూడ గదే కథ జెప్తవా, బిడ్డా?"

వద్దంటే మానేస్తానంది ఇల్మా.

"ఎందుకు మానుడు? జెప్పు. నేను ముందట కూసుంట. నవ్వేటోళ్ళు నా మొఖం సూసి నవ్వాలె." అప్పుడు త్రినాథరావు వైపు తిరిగాడు. "ఎద్దును ఏం జేసిన్రో మాత్రం సారే జెప్పాలె. అందరి ముంగట."

త్రినాథరావు సరేనన్నాడు. నర్సింహులు ఆ ముద్ద తిన్నాడు.