నిద్ర నేర్పే మెరిన్

ఆస్ట్రేలియా సముద్రతీరంలోని మా వార్నంబూల్‌లో ఎవరింట్లో పురుడు వచ్చినా కబురు ముందు అమ్మమ్మకు, తర్వాత మెరిన్‌కు వెళ్లేది. పసిబిడ్డలకు నిద్ర నేర్పడం ఆమె వృత్తి. లైబ్రరీ వెనక గదిలో కొత్త తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని, బిడ్డ మెలకువగా ఉండగానే కటకటాల చిన్న మంచంలో వెయ్యాలనీ, గది చీకటిగా ఉంచాలనీ, పాలు తాగుతూ నిద్రపోయే అలవాటు చేస్తే అది మెడకు గుదిబండ అవుతుందనీ మెత్తని గొంతుతో చెప్పేది. ఆమెకు అప్పటికి పిల్లలు లేరు. అదొక లోటని ఎవరికీ తోచలేదు. ఈత నేర్పేవాడు చేపగా పుట్టాలా ఏమిటి అనేవాడు ఆమె భర్త యాంగస్.

పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమెకు కొడుకు పుట్టాడు. ఆల్బీ అని పేరు పెట్టారు. ఆల్బీ తల్లి పాఠం ఒక్కటీ వినలేదు. మంచానికి వీపు ఆనితే చాలు, నిప్పుల మీద పడుకోబెట్టినట్టు ఏడ్చేవాడు. మొదట్లో రొమ్ము పట్టడమే రాలేదు. పట్టడం వచ్చాక వదలడం మానేశాడు. పాల ఆవుల మందను మేపే యాంగస్, దూడ మొరాయిస్తే తానేం చేస్తాడో చెప్పబోయి, మెరిన్ చూసిన చూపుకు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

బాబు బాగా పడుకుంటున్నాడా అని వీధిలో మొదటిసారి ఎవరో అడిగినప్పుడు, వివరం చెప్పే ఓపిక లేక, బంగారు కొండ, వేస్తే పడుకుంటాడు అనేసింది. మీ కడుపున పుట్టి పడుకోకపోతాడా అన్నారు వాళ్లు. ఆ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. ఏడ్చే బిడ్డతో, లోతుకు పోయిన కళ్లతో ఊళ్లో బజారుకు వెళ్లడం మానేసింది. ఏ సరుకు కావాలన్నా కారెక్కి, గంటకు పైగా దూరంలో ఉన్న పోర్ట్‌లండ్ ఊరికి వెళ్లేది. అక్కడ తనను ఎరిగినవాళ్లు లేరు. పైగా కారు కదులుతున్నంతసేపూ వాడు పడుకునేవాడు.

ఒక మధ్యాహ్నం పోర్ట్‌లండ్ సూపర్‌మార్కెట్‌లో, ఆల్బీని గుండెకు గుడ్డతో కట్టుకుని పాలిస్తూ డైపర్ల వరుసలోకి తిరిగేసరికి, ఎదురుగా టీగన్ కనిపించింది. వార్నంబూల్‌లోనే బడిపంతులమ్మ, మెరిన్ పాఠాలకు ముందు వరుసలో కూర్చున్న మనిషి. ఆమె కూతురు మార్నీ కూడా తల్లి గుండెకు కట్టి ఉంది. బిడ్డ లేస్తుందేమోనని టీగన్ నిలుచున్నచోటే పైకీ కిందికీ ఊగుతోంది.

"మీరిక్కడ..." అంది టీగన్.

"ఇక్కడ డైపర్లు బాగుంటాయి," అంది మెరిన్.

"అవునవును. నేనూ అందుకే."

ఇద్దరి చేతుల్లోనూ మా ఊళ్లో దొరికే డైపర్లే ఉన్నాయి. టీగన్ కళ్లు నిండాయి.

"మార్నీ ఒక్కరోజు కూడా మంచంలో పడుకోలేదండీ. మీరు అడిగినప్పుడల్లా పడుకుంటోందని అబద్ధం చెప్పా. అంత శ్రద్ధగా నేర్పారు కదా, తప్పు నాదేననుకున్నా."

"తప్పు నీది కాదు. వీడు మంచం మొహమే చూడలేదు."

టీగన్ నవ్వుతుందనుకుంది మెరిన్. నవ్వలేదు.

"మరి బంగారు కొండ అన్నారే? ఆ మాట విని ఇంటికెళ్లి ఎంత ఏడ్చానో తెలుసా?"

"తెలీదు. తెలిస్తే అనేదాన్ని కాదు."

"అనేదానివే," అంది టీగన్. 'మీరు' అనే మన్నన ఆ డైపర్ల వరుసలోనే రాలిపోయింది.

అయినా ఇద్దరూ కలిసే బయటకు వచ్చారు. సముద్రపు గాలికి బయట నిలబడడమే కష్టమైతే టీగన్ కారులో కూర్చున్నారు. ఆల్బీ రాగం అందుకున్నాడు. ఇలా తే అని టీగన్ చేతులు చాచింది. భుజాన వేసుకుని వీపు నిమిరితే, కాసేపటికి వాడు నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మెరిన్‌కు ముందు ప్రాణం లేచొచ్చింది, వెంటనే కడుపు మండింది. ఇంతలో మార్నీ లేచింది. ఆ పిల్లను మెరిన్ తీసుకుంది. అదీ పడుకుంది. పరాయి బిడ్డలు మెరిన్ మాట ఎప్పుడూ వినేవారు. ఆమె పేరంతా వాళ్ల వల్ల వచ్చిందే.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఇద్దరూ ఎవరో ఒకరింట్లో చేరేవారు. ఒకరు పిల్లలిద్దరినీ చూసుకుంటుంటే రెండోవారు సోఫాలో నిద్రపోయేవారు. అంతకు మించి వాళ్లు చేసిందేమీ లేదు. టీగన్ ముఖం తేటపడింది. ఎలాగని అడిగినవాళ్లకు అంతా మెరిన్ చలవేనని చెప్పింది. అందులో అబద్ధం లేదు. ఊరు మాత్రం అది పాఠాల మహిమ అనుకుంది. మెరిన్ మళ్లీ తరగతి మొదలుపెట్టేసరికి లైబ్రరీవాళ్లు పక్కగది కుర్చీలు కూడా తెచ్చి వేయాల్సివచ్చింది.

ఈసారి నిజం చెప్పేద్దామని నిశ్చయించుకుంది మెరిన్. ఆల్బీని గుండెకు కట్టుకునే వాళ్ల ముందు నిలబడింది.

"వీడు పడుకోడు. నేనింతకాలం చెప్పినవాటిలో ఒక్కటీ వీడి దగ్గర పనిచెయ్యలేదు. మీక్కావలసింది పద్ధతి కాదు. మీరు నిద్రపోతుంటే బిడ్డనెత్తుకునే ఇంకో మనిషి."

ముందు ఎవరో ఒకరు నవ్వారు. అందరూ నవ్వారు. చూశావా, మన భయం పోవాలని తన మీద వేసుకుని చెబుతోంది, ఎంత మంచిదో అని ఒకాయన భార్య చెవిలో అన్నాడు. కాదు, నిజమే అంది మెరిన్. ఇంకా నవ్వారు. వెనక కూర్చున్న టీగన్ లేచి, నిజమేనండీ అని సాక్ష్యం చెప్పింది. ఆమెకు చప్పట్లు కొట్టారు.

నిండుచూలాలు ఒకామె వినయంగా చెయ్యెత్తింది.

"ఆ ఇంకో మనిషి ఎత్తుకునేటప్పుడు, బిడ్డ తల ఏ చేతి మీదుండాలండీ?"

మెరిన్ గదంతా కలయజూసింది. అంతా పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"ఎడమ," అంది చివరికి.