క్రైస్తవ వీరుడి చూపుడు వేలు

ఇప్పటికి ఎన్నిసార్లు చచ్చాడో అస్సూకే లెక్క తెలియదు. రోమన్ల ఈటె దిగి చచ్చాడు, ఫారో రథం కింద పడి చచ్చాడు, తుఫానులో ఒంటెతో సహా చచ్చాడు. వార్జాజాత్‌లో పుట్టినవాడికి చావడం కూడా ఒక ఉద్యోగమే. చుట్టూ ఎడారి, ఊరి చివర సినిమా స్టూడియోలు, ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వచ్చి వాళ్ల యుద్ధాలన్నీ ఇక్కడే చేసుకుపోతారు. కానీ ఇన్ని చావుల్లో ఒక్కదాంట్లోనూ అస్సూ మొహం తెర మీద కనబడలేదు. వీపో, కాళ్లో, ఇసుకలో బోర్లాపడ్డ తలపాగానో, అంతే.

"ముప్పై ఏళ్లుగా చస్తున్నావు, ఒక్కసారైనా మొహం పెట్టి చావలేకపోయావా?" అని దెప్పేది భార్య తూదా. "నీ వీపు చూడ్డానికి సినిమా దాకా ఎందుకయ్యా? ఏదైనా పని చెబితే చాలు, ఇంట్లోనే కనబడుతుంది."

అంత నోరున్న మనిషికి నిరుడు చలికాలంలో పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మూతి వంకరపోయి మాట ముద్దగా వస్తోంది. కుడిచెయ్యి బిగుసుకుపోయి ఎప్పుడూ పిడికిలే. ఇక రోజులు దగ్గర పడ్డాయని, ఈ వారమో వచ్చే వారమో అని డాక్టరు చెప్పేశాడు.

తూదాకి చావంటే భయం లేదు. భయమల్లా ఒక్కటే. ముస్లిం అన్నాక పోయే ముందు దేవుడు ఒక్కడే అని సాక్ష్యం పలకాలి, కుడిచేతి చూపుడు వేలు పైకెత్తాలి. నోరు పెగలనివాళ్లకు ఆ వేలే మాట. తూదాకి ఇప్పుడు నోరూ స్వాధీనంలో లేదు, వేలూ లేదు.

"నువ్వే ఎత్తాలి," అంది ఒకరోజు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "నా వేలు. నువ్వే."

"ఎత్తుతాలే."

"ఎవరికీ చెప్పకు. తూదా తన వేలు తను ఎత్తుకోలేకపోయిందని... బావి దగ్గర చెప్పుకుంటారు."

"చెప్పను. ఒట్టు."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆలివ్ నూనె గోరువెచ్చగా కాచి, ఆ పిడికిలిని ఒక్కో వేలే విప్పి, చూపుడు వేలిని నిటారుగా సాగదీసేవాడు. వదలగానే అది మళ్లీ ముడుచుకుపోయేది. "దీనికీ నీ పొగరే," అనేవాడు. తూదా సగం మూతితో నవ్వేది.

అలాంటి రోజుల్లో హమ్మూ వచ్చాడు. స్టూడియోలకు మనుషుల్ని పోగుచేసి పంపేది అతనే.

"అస్సూ బాబాయ్, నీ పంట పండింది! బెల్జియం వాళ్ల సినిమా. జెరూసలేం కోసం శిలువ యుద్ధాలు. ముసలి క్రైస్తవ వీరుడొకడు కోటగోడ కింద ప్రాణం వదులుతాడు. కెమెరా నీ మొహం మీదే! రేపు పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు."

"నేను రానురా. మీ పిన్నిని వదిలి కదలను."

లోపల మంచం మీదనుంచి తూదా గొంతు వచ్చింది. "వెళ్లు."

"నోరుమూసుకుని పడుకో."

"వెళ్లు. నీ మొహం చూసిగానీ... చావనులే."

ఆ మాటకు ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వే అస్సూని మోసం చేసింది.

పొద్దున తూదాని పక్కింటి రఖియాకి అప్పగించాడు. నీళ్లు తాగించమన్నాడు, ఎండ పడితే తలుపు వెయ్యమన్నాడు. వేలి సంగతి నోటిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగేశాడు. ఎలాగూ మధ్యాహ్నం నమాజుకల్లా వచ్చేస్తాడు కదా.

గతిలేనమ్మకు గంజే పానకం అన్నట్టుంది ఆ సినిమా. వెనకటికెవరో వదిలేసిపోయిన ఈజిప్టు గుడికి సున్నం కొట్టి జెరూసలేం అన్నారు. సైన్యానికి మనుషులు చాలక, పొద్దున తలపాగాలు చుట్టి సుల్తాను తరఫున పోరాడినవాళ్లే టీ తాగొచ్చి శిలువ గుర్తు అంగీలు తొడిగి ఎదుటిపక్షం అయిపోయారు. "నన్ను చంపింది నేనే, పోలీసుకి ఏమని చెప్పను?" అన్నాడొకడు. ఇనుప కవచాలు కూడా ఇనుపవి కావు. గోనెతాడుతో అల్లి వెండిరంగు పూసినవి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో తూదా అలాంటివి స్టూడియో వాళ్లకి ఎన్నో అల్లింది. ఒంటికి తగిలించగానే దురద పుట్టింది అస్సూకి.

గోడకు ఆనుకుని, ఛాతీ మీద కత్తి పట్టుకుని, ఆకాశంలోకి చూస్తూ ప్రాణం వదలాలి. మాటల్లేవు. అస్సూ కళ్లు పైకి తేల్చాడు, ఊపిరి ఎగబీల్చాడు, తల పక్కకు వాల్చాడు.

"ఆపు!" దర్శకుడు బెర్త్రాన్ గొడుగు కిందనుంచి లేచి ఫ్రెంచిలో ఏదో అరిచాడు.

హమ్మూ పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్, ఆ వేలేంటి? నువ్వు క్రైస్తవుడివి!"

"ఏ వేలు?"

"చూపుడు వేలెత్తి మరీ చచ్చావు!"

అస్సూ తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. ఎత్తినట్టే తెలియలేదు. రథాల కింద, ఒంటెల కింద, దుమ్ములో, ప్రతి చావులోనూ ఆ వేలు లేస్తూనే ఉందన్నమాట. చూసేవాడు లేక ఇన్నేళ్లు చెల్లిపోయింది. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు. ఇక్కడ పుడకలు లేవు, మట్టే. అయినా సంగతి అదే.

మళ్లీ చేశాడు. వేలు లేచింది. పిడికిలి బిగించి చేశాడు. ఆఖరి ఊపిరికి పిడికిలి విప్పుకుని మరీ లేచింది. ఈ లోపల నీడ గోడెక్కింది. సాయంత్రపు ఎండ మళ్లీ ఇటు తిరిగేదాకా ఆగాలన్నాడు బెర్త్రాన్.

ఊళ్లోంచి మధ్యాహ్నం అజాన్ వినబడింది. "నేను పోవాలిరా హమ్మూ. మీ పిన్ని ఒక్కతే ఉంది."

"రఖియా అత్త ఉందిగా! ఇప్పుడు లేచిపోతే నీ చోట ఇంకొకడి మొహం పెడతారు. పిన్నికి ఏం చూపిస్తావు మరి?"

అస్సూ కూర్చుండిపోయాడు. ఇచ్చిన రొట్టె చేతిలోనే ఎండిపోయింది.

ఎండ తిరిగింది. వేళ్లు కనబడకుండా ఇనుప తొడుగులు వేద్దామంటే, ఉన్న ఒక్క జతా హీరో వేసుకుపోయాడు. చివరికి హమ్మూనే ఒక గుడ్డపీలిక చింపి, అస్సూ చూపుడు వేలిని కత్తిపిడికి బిగించి కట్టాడు. పైన అంగీ చెయ్యి కప్పాడు.

ఊపిరి ఎగబీల్చినప్పుడు వేలు లేవబోయింది. లేవలేదు. మళ్లీ లేవబోయింది. ఒళ్లంతా ఆ ఒక్క వేల్లోకి వచ్చి కొట్టుకుంది. తూదాకి రోజూ ఇలాగే ఉంటోందా? ఇన్నాళ్లూ నూనె రాసి, పొగరని వెక్కిరించాడే గానీ లోపల ఇలా ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు. భయంతో అతని కళ్లు పెద్దవయ్యాయి.

బెర్త్రాన్ చప్పట్లు కొట్టాడు. "ఆ కళ్లు! అద్భుతం!"

హమ్మూ తర్జుమా చేసేలోపే అస్సూ లేచాడు. బట్టలు మార్చుకోకుండానే, గుండెల మీద ఎర్ర శిలువతో బజారు వెంట పరుగెత్తాడు. "సుల్తాను తరుముతున్నాడా తాతా?" అని టీకొట్టు దగ్గర ఎవరో నవ్వారు.

రఖియా వాకిట్లోనే ఉంది. ఆమె మొహం చూడగానే కాళ్లు ఆగిపోయాయి.

"సాయంత్రం నమాజుకి కాస్త ముందన్నా," అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "నువ్వేం బెంగపెట్టుకోకు. చెవిలో సాక్ష్యం నేనే చెప్పాను. ప్రశాంతంగానే పోయింది. కాకపోతే పాపం ఆ కుడిచెయ్యి బాగా నొప్పిపెట్టినట్టుంది. ఎడమచేత్తో దాని వేలు పట్టుకుని లాగడం, నా వంక చూడడం. నూనె రాశాను. దుప్పట్లో పెట్టి వెచ్చగా కప్పాను. బయటికి తీసేది. మళ్లీ పెట్టేదాన్ని. మళ్లీ తీసేది. నొప్పికి ఓర్చుకోలేక ఏడ్చింది కూడా."

అస్సూ లోపలికి వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. దుప్పటి తొలగించాడు. పిడికిలి అలాగే ఉంది, నూనెతో మెరుస్తూ. ఒక్కో వేలే విప్పి చూపుడు వేలిని నిటారుగా సాగదీశాడు. వదిలితే ముడుచుకుపోయింది. మళ్లీ సాగదీశాడు. అతని మణికట్టుకి ఇంకా గుడ్డపీలిక వేలాడుతోంది.

"ఏం చేస్తున్నావన్నా?" అంది రఖియా గుమ్మంలోంచి.

ఎవరికీ చెప్పనని ఒట్టు వేసి ఉన్నాడు.

"ఏం లేదమ్మా," అన్నాడు అస్సూ. "నొప్పి తగ్గిందేమోనని."

ఆ చేతిని దుప్పట్లో పెట్టి వెచ్చగా కప్పాడు.