ఖాళీ గడిలో నార్మల్

ఆఫీసులో మా గదికి కిటికీ ఉంది, తెరుచుకోదు. ఏసీ కోసం అంచులన్నీ మూసేశారు. గదిలో నా కుర్చీ, నా వెనక మా బావమరిది కుర్చీ. ఒకరికొకరం వీపు పెట్టి కూర్చుంటాం. మూడేళ్లుగా మాటల్లేవు. పని ఉంటే కంప్యూటర్లో టికెట్ పెట్టి రాసుకుంటాం.

వాడు సర్వర్ వైపు. రక్తపరీక్షల రిపోర్టులు వాడి సర్వర్ నుంచి వస్తాయి. నేను స్క్రీన్ వైపు. వచ్చినదాన్ని మోడల్‌లోకి సర్దుతాను. ఈ గడిలో పేరు, ఈ గడిలో తేదీ, ఈ గడిలో ఫలితం. అలా సర్దాకే రోగి ఫోన్లో కనిపిస్తుంది.

మూడేళ్ల కిందట మా ఆవిడ ఫోన్లో "నార్మల్" అని కనిపించింది. అప్పటికి అసలు ఫలితం రానేలేదు. వారం తర్వాత వచ్చింది. నార్మల్ అని చూసిన రిపోర్టు మళ్లీ ఎవరు తెరుస్తారు? ఆమె తెరవలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఆలస్యమైంది. నాలుగు వారాలు ఆస్పత్రిలో ఉండి చనిపోయింది.

ఆమె ఆస్పత్రిలో చేరిన మర్నాడే బావమరిది సర్వర్‌ని సరిచేశాడు. ఫలితం రానంతవరకూ రిపోర్టే బయటికి పోకుండా కట్టేశాడు. తప్పు వాడిదని నాకు అదే సాక్ష్యం. ఆమెను సాగనంపి వచ్చాక చుట్టాలందరి ముందూ అడిగేశాను.

"నీ సర్వరే మీ అక్కని చంపిందిరా."

వాడు తల దించుకున్నాడు. ఆ తర్వాత నేను వాడి గడప తొక్కలేదు. వాడి కూతురి పెళ్లికీ పోలేదు.

ఈ సోమవారం మా టీమ్ లీడ్ వచ్చింది. మా అమ్మాయి ఈడు పిల్ల.

"బాబాయ్, పాత మోడళ్లన్నిటికీ టైపులు రాయాలి. ఏ గడిలో ఏమొస్తుందో, ఏది ఖాళీగా రావచ్చో కచ్చితంగా చెప్పాలి. సరదాగా ఉంటుంది."

"నాకు సరదాలు పడవు."

"తెలుసు. అందుకే మీకిచ్చాను."

టైపు తప్పయితే, మేం కోడ్ రాసే ఎడిటర్ దాని కింద ఎర్రగీత గీస్తుంది. రోజుకి పది మోడళ్ల చొప్పున లాక్కొచ్చాను. గురువారం పొద్దున రిపోర్టు మోడల్ తెరిచాను. ఫలితం గడి కింద ఎర్రగీత. వాడు కట్టేసినా, సర్వర్ లెక్కలో ఆ గడి ఇప్పటికీ ఖాళీగా రావచ్చనే ఉంది. మా మోడల్ ఖాళీని ఒప్పుకోదు. మరి కట్టేయకముందు ఎలా నడిచింది? వెతికితే ఒక లైను దొరికింది. ఖాళీ వస్తే "నార్మల్" అని వేయమని.

వాడు పంపింది ఖాళీనే. నార్మల్ పుట్టింది స్క్రీన్ వైపు.

ఏ లైను ఎవరు రాశారో ఎడిటర్ పక్కనే చూపిస్తుంది. నొక్కాను. నా పేరు. ఏడేళ్ల కిందటి తేదీ.

గుర్తొచ్చింది. ఆ రోజు ఒక ఖాళీ వచ్చి స్క్రీన్ మొత్తం తెల్లగా ఆగిపోయింది. ఏదో ఒకటి వేస్తే నడుస్తుందని వేశాను. మా ఊరి బళ్లో మాస్టారు తప్పు జవాబుకి ఊరుకునేవాడు, ఖాళీ వదిలితే బెత్తం తీసేవాడు. ఆ అలవాటు వదల్లేదు. మూడేళ్లలో నా కోడ్ నేనొక్కసారి చూసుకున్నదీ లేదు.

లీడ్ తలుపులోంచి తొంగి చూసింది. "రిపోర్టు మోడల్ అయిందా బాబాయ్?"

"ఎర్రగీత ఉంది."

"ఖాళీ వస్తే చూపించడానికి ఏదో ఒక డిఫాల్టు పడేయండి. సాయంత్రం కొత్త వెర్షన్ విడుదల."

"పడేయను."

"అబ్బో, ఎర్రగీత మీద కూడా మీకు కోపమొచ్చిందా?" నవ్వుకుంటూ పోయింది.

పాత ఫైలు తీసేసి కొత్తది పెడితే ఆ లైనూ పోతుంది. ఎవరూ అడగరు. అదీ అనుకున్నాను. అనుకోలేదని చెప్పను.

కుర్చీ తిప్పాను. వాడి కుర్చీకి తగిలింది.

"ఒరేయ్."

వాడు హెడ్‌ఫోన్ తీశాడు.

"నార్మల్ అని వేసింది నేను."

"తెలుసు బావా."

"ఎప్పట్నుంచి?"

"అక్క ఆస్పత్రిలో చేరిన రోజే చూశాను."

"మరి అందరి ముందూ తిడుతుంటే నోట్లో ఏం పెట్టుకున్నావు?"

వాడు హెడ్‌ఫోన్ తీగ సవరించుకున్నాడు. "అక్కకి చెప్పాను. 'మీ బావకి చెప్పకు. నింద నీ మీద పడితే నువ్వు దులుపుకుంటావు, ఆయన దులుపుకోలేడు' అంది."

నాలుగు వారాలు. రోజూ మంచం పక్కన కూర్చుని నీ తమ్ముణ్ని వదలనని చెప్పాను. ఆమె దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ వినేది.

"సాయంత్రం ఇంటికి రా బావా."

"ముందు నన్ను నాలుగు తిట్టు. వస్తాను."

"నాకు చేతకాదు." మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

ఫలితం గడి ఖాళీగా రావచ్చని రాశాను. ఖాళీ వస్తే "ఇంకా రాలేదు" అని కనిపించేలా చేశాను. ఎర్రగీత పోయింది. విడుదలకి పంపేముందు మార్పుకి కారణం రాయాలి. ఆ గడి నింపనిదే ముందుకి పోనివ్వదు. రాసింది అందరికీ వెళ్తుంది.

గంటసేపు దాని ముందు కూర్చున్నాను.

"బాబాయ్, అందరూ మీకోసమే ఆగారు," లీడ్ కేకేసింది.

రాశాను: పాత లైను నాది. నా భార్య దాన్ని నమ్మింది. సర్వర్ తప్పు లేదు.

నొక్కాను. కాసేపటికి నా వెనక టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. వాడు తిరగలేదు. నేనూ తిరగలేదు.