సలోమి చేతిలో స్టీరింగు

నేను ఒక లారీ స్టీరింగును. మూరకు బెత్తెడు ఎక్కువ వెడల్పు, లోపల ఇనుప కడ్డీ, పైన నల్లటి గట్టి తొడుగు, నడుమ హారన్ మీట. పుట్టింది తమిళనాడులో, ఒక పెద్ద కార్ఖానాలో. నన్ను బిగించిన మనిషి అటూ ఇటూ రెండుసార్లు తిప్పి చూసి, "సరి" అని పక్క బండి దగ్గరికి వెళ్లిపోయాడు. అంత తేలిగ్గా నన్ను తిప్పినవాడు మళ్లీ తగల్లేదు. అప్పటికింకా బండికి చక్రాలు పెట్టలేదు మరి.

తర్వాత నన్ను చీమకుర్తి తెచ్చారు. నల్లరాయి క్వారీల ఊరు. కొండను పెద్ద పెద్ద దిమ్మలుగా కోసి లారీలకెత్తి ఓడరేవుకు పంపుతారు. ఒక్కో దిమ్మ చిన్నపాటి గది అంత ఉంటుంది. దాన్ని లారీ మీద దించేటప్పుడు బండి మొత్తం మూలిగి కిందికి కుంగుతుంది.

మా ఓనరు వెంగళరెడ్డి భక్తిపరుడు. దసరాకు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంపరుకు నిమ్మకాయలు వేలాడదీసేవాడు. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాడు. ఆ చక్రాల్లో గాలి ఎంతుందో మాత్రం ఒక్కసారీ అడగలేదు. అరిగిన టైరుకు కొత్త రబ్బరు అతికించి మళ్లీ వాడేవాడు, అదీ ముందు చక్రానికే. మనుషులు దిష్టిని నమ్మినంతగా గాలిని నమ్మరు.

నన్ను పట్టిన తొలి డ్రైవరు నాసరయ్య. పొట్టి మనిషి, బలమైన భుజాలు, మాట తక్కువ. ఆయనతో పాటు సెకండు డ్రైవరుగా ఇశ్రాయేలు వచ్చేవాడు. ఇతను పొడగరి, మాటల పుట్ట. చర్చి పాటల్ని రాగం తప్పి పాడి, తప్పిందెవరని నాసరయ్యనే అడిగేవాడు. ఇద్దరూ తొమ్మిదేళ్లు నన్ను వంతులవారీగా తిప్పారు. ఒకరి చేతి వేడి చల్లారకముందే రెండో వాళ్ల చేతులు నా మీద పడేవి.

తొమ్మిదో ఏట, ఒక వేసవి మధ్యాహ్నం, ముందు ఎడమ టైరు పేలింది.

అప్పుడు నన్ను పట్టుకున్నది నాసరయ్య. ఇశ్రాయేలు తన వంతు ముగించి, వెనక బల్ల మీద నడుం వాల్చాడు. చప్పుడు వినగానే నాసరయ్య ఏ మనిషైనా చేసే పనే చేశాడు. శక్తికొద్దీ బ్రేకు తొక్కాడు. నేను గిర్రున తిరిగాను. అంచుకూ నడిమికీ మధ్యనున్న నా అడ్డపట్టీ లోపల ఇరుక్కుని ఉన్న ఆయన బొటనవేలు పుటుక్కున విరిగింది. బండి ఆగింది గానీ పైనున్న రాయి ఆగలేదు. గొలుసు తెంచుకుని ముందుకు జారి, క్యాబిన్ వెనక గోడను లోపలికి నెట్టేసింది. ఇశ్రాయేలు ఉన్న వైపే.

టైరు పేలడం వల్ల ప్రమాదం జరిగిందని కాగితాల్లో రాసుకున్నారు. అబద్ధం కాదు. కానీ మిగతా సగం నాసరయ్యకు తెలుసు, నాకు తెలుసు. అడగనిదే ఎవరూ చెప్పరు, నన్ను అడిగేవాళ్లు లేరు.

క్యాబిన్ కొత్తగా కట్టారు. నాకు దెబ్బ తగల్లేదని నన్నే మళ్లీ బిగించారు. నాసరయ్య చాలా రోజులు బండెక్కలేదు. ఎక్కాక, ఎక్కడ ఆగినా దిగి ఇనుప కడ్డీతో పది చక్రాల్నీ ఒక్కొక్కటిగా కొట్టి, ఆ మోతను బట్టి గాలి చూసుకునేవాడు. తోటి డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు.

ఇశ్రాయేలు భార్య సలోమి. రాయి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. నెలకోసారి నాసరయ్య బండిని వాళ్ల వీధి చివర ఆపి, భుజాన బియ్యం బస్తాతో వెళ్లేవాడు. రెండు మూడు నెలలు తీసుకుంది. ఒక రోజు ఆయన వెంటే నడుచుకుంటూ బండి దాకా వచ్చింది. పాలిష్ పొడికి చేతులు తెల్లగా ఉన్నాయి.

"బియ్యం తేమాకన్నా," అంది. "నాకు బండి నేర్పు."

నాసరయ్య తెల్లబోయాడు. "ఏ బండి?"

"ఇదే."

"ఇది తిప్పాలంటే మగోళ్ల చేతులే పడిపోతయ్యమ్మా."

"దినానికి ఎనిమిది గంటలు రాయి రుద్దతన్నా. నా చేతుల సంగతి నాకు తెలుసు."

అలా మొదలైంది. సెలవు రోజుల్లో క్వారీ అవతల రాతి ముక్కలు పోసి చదును చేసిన బీడులో ఖాళీ బండిని తిప్పించేవాడు. నిజం చెబుతాను, మొదట్లో నాకు ఆమె మీద నమ్మకం లేదు. పవర్ స్టీరింగ్ అనే సుఖం నాకు లేదు, నన్ను తిప్పడమంటే బావిలోంచి నిండు బాన తోడటమే. ఆమె పెదవి బిగించి, లేచి నిలబడి, ఒంటి బరువంతా వేసి తిప్పేది. సాయంత్రానికి నా మీద చెమట తడి కాక ఒకటి రెండు చోట్ల రక్తపు తడి కూడా ఉండేది. మరుసటి ఆదివారం చర్చి విడవగానే మళ్లీ వచ్చేది.

"బొటనవేళ్లు లోపలికి పెట్టమాక. అంచు మీదే ఉంచు, వేళ్ల పక్కనే," అనేవాడు నాసరయ్య మాటిమాటికీ. "టైరు పేలితే ఇది ఎగిరి తంతది."

ఒక రోజు ఆమె బండి ఆపి అడిగింది. "నీ వేలు అట్టనే ఇరిగిందా?"

"ఆ."

"ఆ పొద్దు ఏం చేసుంటే మా ఆయన బతికేవాడన్నా?"

నాసరయ్య అద్దంలోంచి బయటికి చూశాడు. ఇంజను ఆపి ఉంది. ఎక్కడో గుట్ట అవతల రాయి కోసే యంత్రం గీపెడుతోంది. టైరుదే తప్పని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. కాగితాల్లో ఉన్నదీ అదే.

"బ్రేకు తొక్కకుండా ఉంటే," అన్నాడు. "నేను తొక్కాను సలోమీ. తొక్కకుండా ఉంటే రాయి జారేది కాదు."

ఆమె తలుపు తీసుకుని దిగి వెళ్లిపోయింది. నాసరయ్య పక్క సీట్లో చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు. మూడు ఆదివారాలు ఆమె రాలేదు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం ఆ బీడుకు బండి తోలుకొచ్చి, కాసేపు ఆగి, తిరిగి వెళ్లేవాడు.

నాలుగో ఆదివారం ఆమె వచ్చింది. నేరుగా డ్రైవరు సీట్లోకి ఎక్కి నన్ను పట్టుకుంది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పన్నా. ఏం చెయ్యకూడదో అది ముందు చెప్పు."

ఆయన చెప్పాడు. ముందు టైరు పేలితే బండి పేలిన వైపుకే లాగుతుంది. బ్రేకు తొక్కితే ఆ లాగుడు రెట్టింపవుతుంది, మీదున్న బరువు ముందుకు వస్తుంది. అందుకని బ్రేకు ముట్టుకోకూడదు. యాక్సిలేటరు మీది కాలు కూడా తటాలున తీయకూడదు. స్టీరింగును రెండు చేతులా బిగబట్టి, బండిని దాని దారినే నిలపాలి. ఇంకాస్త ఇంజను ఇచ్చినా పర్వాలేదు. బండి దారికొచ్చాక కాలు మెల్లగా వదులుతూ, వేగం దానంతటదే చచ్చిపోయేదాకా ఆగాలి. పక్కకు తీయడం ఆ తర్వాతే.

"చెప్పటం తేలికే," అన్నాడు చివర్లో. "కాలు ఇనదు. కాలికి నేర్పాల."

ఆమె కాలికి నేర్పుకుంది. ఖాళీ బీడులో బండి పోతుండగా ఆయన ఉన్నట్టుండి తలుపు రేకు మీద ధబీమని కొట్టేవాడు. ఆమె కాలు బ్రేకు వైపు కదిలితే మళ్లీ మొదటికి. అలా ఎన్నిసార్లు కొట్టాడో, ఆ తలుపు సొట్టలు పడిపోయింది.

చిన్న బండ్ల లైసెన్సు, ఏడాది ఆగి పెద్ద బండి లైసెన్సు, అన్నీ అయ్యేసరికి మూడేళ్లు పట్టింది. ఆడమనిషికి బండి ఇవ్వడానికి వెంగళరెడ్డి నసిగాడు. "పక్కన నేను కూసుంటా. ఏవన్నా అయితే నన్నడుగు," అన్నాడు నాసరయ్య. ఆమె ముందు పెట్టిన షరతు మాత్రం ఓనరుకు మింగుడు పడలేదు. ముందు చక్రాలకు అతుకు టైర్లు వేస్తే తను బండెక్కదు. చివరికి కొత్త టైర్లే వేయించాడు. కానీ రోడ్డు మీద పడి ఉండే ఇనుప ముక్కకు కొత్తా పాతా తేడా తెలియదు.

ఆ రోజు ఉదయం పదకొండు గంటలు. చీమకుర్తి నుంచి ఒంగోలు వెళ్లే దారిలో ఉన్నాం. పక్క సీట్లో నాసరయ్య, వెనక పెద్ద దిమ్మ. ఎడమ పక్క మట్టి బాట, దాని వెంబడి తుమ్మచెట్లు. ఎదురుగా ఒక ఆటో వస్తోంది. పొగాకు గ్రేడింగుకు పోయే ఆడవాళ్లు, లోపల పట్టక ఇద్దరు కాళ్లు బయట పెట్టుకుని కూర్చున్నారు.

ఆటో ఇంకా నాలుగైదు బండ్ల దూరంలో ఉండగా ముందు కుడి టైరు పేలింది.

క్వారీలో మందు పేల్చినంత చప్పుడు. నేను కుడివైపుకు ఎగిరాను, ఆటో వైపు. నా ఒంట్లో అంత బలం ఉందని నాకే తెలియదు. మామూలు మనిషి చేతుల్లోంచైతే జారిపోయి ఉండేదాన్ని. ఆమె చేతుల్లోంచి జారలేదు. బొటనవేళ్లు అంచు మీదే ఉన్నాయి. నేను కుడికి లాగినదానికి రెట్టింపు బలంతో ఎడమకు లాగింది. సీట్లోంచి లేచింది. పళ్ల సందుల్లోంచి సన్నటి మూలుగు వచ్చింది. నేను వణుకుతున్నాను, ఆమె మోచేతులు వణుకుతున్నాయి, అద్దం వణుకుతోంది. కింద టైరు పోయిన చక్రపు ఇనుప అంచు తారును చీలుస్తున్న చప్పుడు.

ఆమె కాలు బ్రేకు మీదికి పోలేదు. ఇంజను ఇంకాస్త గట్టిగా రొద చేసింది. బండి ముక్కు నిటారుగా దారికొచ్చింది. ఆటో మా పక్కనుంచి, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లోంచి వెళ్లిపోయింది. ఒకామె నోరు తెరిచి ఉండటం కనిపించింది గానీ కేక వినబడలేదు.

ఆ తర్వాతే ఆమె కాలు వదలడం మొదలుపెట్టింది. పసిబిడ్డ నిద్రలేవకుండా చెయ్యి లాక్కున్నంత మెల్లగా. యాభై నలభై అయింది, నలభై ముప్పై అయింది. వెనక గొలుసు ఒకసారి కిర్రుమని ఊరుకుంది. రాయి కదల్లేదు. వేగం నడకకు వచ్చాక నన్ను ఎడమకు తిప్పి మట్టి బాట మీదికి దించింది. చివరికి బ్రేకును తొక్కీ తొక్కనట్టు తొక్కింది. బండి తుమ్మచెట్టు నీడలో ఆగింది.

ఆమె చేతులు నా మీదనుంచి రాలేదు. వేళ్లను ఒక్కొక్కటిగా ఊడదీసుకోవాల్సి వచ్చింది.

వెనక్కి తిరిగొచ్చిన ఆటో మా ముందు ఆగింది. ఒక పెద్దామె కొంగు బిగించి తిట్లతో మొదలుపెట్టింది. "కళ్లు నెత్తికెక్కినియ్యా? ఎవడ్రా తోలేది, దిగు!" సలోమి తలుపు తీసి దిగింది. పెద్దామె నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోయింది. టైరు వంక చూసింది, రోడ్డు మీద ఇనుము గీసిన గీత వంక చూసింది. ఆ గీత నడిమి చార దాటి, మళ్లీ ఇవతలికి వచ్చి, తిన్నగా సాగింది.

"ఎవరమ్మాయివే నువ్వు?" అంది చివరికి. తన డబ్బాలో నీళ్లు తెచ్చి, తాగమని ఇవ్వకుండా తనే సలోమి ముఖం కడిగింది.

నాసరయ్య దిగలేదు. సలోమి వచ్చి ఆయన వైపు తలుపు తీసింది. ఆయన కిందికి చూస్తున్నాడు. ఆ సీటు ముందు పరిచిన పల్చటి రేకు బాగా సొట్టపడి ఉంది.

"మళ్లీ తొక్కాను సలోమీ," అన్నాడు. "ఇక్కడ బ్రేకు లేదు గాబట్టి సరిపోయింది. బండి నా చేతిలో ఉంటే ఈ పొద్దు గూడా..."

"నువ్వు చెప్పకపోతే నేనూ తొక్కేదాన్నే అన్నా."

ఆయన తల వంచుకుని ఏడ్చాడు. ఆమె ఆపలేదు. జాకీ తీసుకుని స్టెప్నీ దించడానికి వెనక్కి వెళ్లింది. ఆటో ఆడవాళ్లలో ఇద్దరు చీరలు ఎగదోపుకుని చక్రం దొర్లించారు.

ఇప్పుడు నేను ఒంగోలులో ఒక పాత సామాన్ల కొట్లో ఇనుప కొక్కేనికి వేలాడుతున్నాను. ఆ లారీకి వయసైపోయి, ముక్కలు చేసి తూకానికి వేశారు. సలోమి ఇప్పుడు పద్నాలుగు చక్రాల కొత్త బండి తోలుతోందని, నాసరయ్య కొత్త డ్రైవర్లకు పని నేర్పుతున్నాడని, ఇక్కడికి వచ్చే మెకానిక్కుల మాటల్లో విన్నాను. కొనేవాళ్లు నన్ను తిప్పి చూసి, బాగా అరిగిపోయిందని పెదవి విరుస్తారు. నాకు బాధ లేదు. నా తీరిక వేళల్లో తలుచుకోవడానికి ఆ రోజుది ఇంకొంచెం ఉంది.

టైరు మార్చి మేం మళ్లీ బయల్దేరేసరికి ఒంటిగంట దాటింది. సలోమే నన్ను పట్టుకుంది. రెండు మైళ్లు పోయామో లేదో, పక్క సీట్లో నాసరయ్య తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు. ఇశ్రాయేలు పోయిన తర్వాత, నడుస్తున్న బండిలో ఆయన కునుకు తీయగా నేను చూడటం అదే మొదటిసారి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

ముందు ఒక గేదెల మంద రోడ్డంతా పరుచుకుని తాపీగా నడుస్తోంది. సలోమి చెయ్యి అలవాటుగా నా నడిమి హారన్ మీటకు వచ్చింది. దాని మీద ఆగింది. ఒకసారి పక్కకు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, గేరు తగ్గించి, ఆ గేదెల వెనకే వాటి నడకతో పోయింది.